ఆలస్యానికి సంతకం అక్కర్లేదు: విశాఖ పెద్ద కంపెనీల్లో ఉద్యోగుల విసుగు ఎక్కణ్నుంచి వస్తోంది

గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో జనరల్ షిఫ్ట్ వదిలే వేళకు ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. జుట్టు నెరిసినవాళ్లు "ఇప్పుడొచ్చే పిల్లలకు ఓపికెక్కడుందండీ, చేరిన రెండేళ్లకే డీజీఎం (డిప్యూటీ జనరల్ మేనేజర్) అయిపోవాలంటారు" అంటారు. ఆ పిల్లలు "పని తెలిసినవాడి మాట చెల్లదు, సీటున్నవాడి మాటే చెల్లుతుంది" అంటారు. వినడానికి ఒకరినొకరు ఆడిపోసుకుంటున్నట్టే ఉంటుంది గానీ ఇద్దరి బాధా ఒకటే. తాను చేస్తున్న పని మీద తనకు అధికారం లేదు. కుర్ర ఇంజనీరుకు లేదు సరే, ఆ డీజీఎం గారికీ పెద్దగా లేదు. ఆయనకు ఏసీ గది ఉంది, అంతే తేడా.

ఇలాంటి పెద్ద కంపెనీల, అందులోనూ ప్రభుత్వ రంగ సంస్థల గురించి మాట్లాడేటప్పుడు "గవర్నమెంటు కల్చర్ అండీ, ఎవడూ పనిచేయడు" అని ఒక్క ముక్కలో తేల్చేయడం అందరికీ అలవాటు. నాకు ఆ మాట నచ్చదు. మండే కొలిమి పక్కన ఎండాకాలం సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) చేసి వచ్చినవాణ్ని పట్టుకుని పనిచేయడని అనడం అన్యాయం. పైగా ఆ మాటతో ఏదీ అర్థం కాదు. పాత ప్రైవేటు గ్రూపుల్లోనూ ఇదే విసుగు ఉంది, అక్కడేమీ ప్రభుత్వం లేదు. నాకు అర్థమైనంతలో చిక్కు వేరే చోట ఉంది. ఈ సంస్థల్లో ఒక నిర్ణయం తీసుకుంటే దాని మీద సంతకం పెట్టినవాణ్ని ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. తీసుకోకుండా వదిలేస్తే ఎవర్నీ అడగరు. ఉద్యోగులు చెప్పుకునే కష్టాల్లో సగానికి పైగా ఇక్కణ్నుంచే వస్తాయి.

దానికి ముందు ఈ ఊళ్లో ఈ ఉద్యోగాలకున్న బరువు గురించి కాస్త చెప్పాలి. 1933లో పోర్టు, 1941లో వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన సింధియా షిప్‌యార్డు, 1948లో అక్కడే నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగిన జలఉష అనే ఓడ, 1957లో కాల్టెక్స్ రిఫైనరీ. ఆ తర్వాత ఉక్కు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, 1992లో పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. మధ్యలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. భూమి ఇచ్చి ఆర్ కార్డు (నిర్వాసితులకిచ్చే పునరావాస కార్డు) పుచ్చుకుని, ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి తిరిగిన కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇలాంటి చోట పర్మనెంట్ ఉద్యోగం ఉన్నవాడు నోరు తెరిచి "నాకు ఆఫీసులో బాగోలేదు" అంటే ఇంట్లోనే ఊరుకోరు. తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావంటారు. అందుకే ఈ విసుగు టీ కొట్టు దాటి బయటికి రాదు.

ఇక ఫైలు సంగతి. నేను పనిచేసిన కంపెనీ పేరు ఇక్కడ అనవసరం గానీ, అక్కడ జరిగిన ఒక బేరింగు కథ చెబితే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. కూలింగ్ వాటర్ పంపు ఒకటి రాత్రి షిఫ్టులో మోత పెట్టింది. పొద్దున విప్పి చూస్తే బేరింగు పోయింది. ఊళ్లో షాపులో దొరికే సరుకే, స్కూటరు మీద వెళ్లి తెచ్చుకోవచ్చు. కానీ కంపెనీలో అలా తేలేరు కదా. మెయింటెనెన్స్ ఇంజనీరు ఇండెంటు, అంటే ఈ వస్తువు కావాలనే కాగితం పెట్టాడు. స్టోర్స్ వాళ్లు స్టాకు లేదని రాశారు. బడ్జెట్ ఉందని సర్టిఫికెట్ కావాలి, అది వచ్చింది. డిపార్ట్‌మెంటు హెడ్ సంతకమైంది. ఫైలు ఫైనాన్స్‌కు వెళ్లి వెనక్కి వచ్చింది: గత మూడేళ్లలో ఎన్ని వాడారు? జవాబు రాశారు. మళ్లీ వచ్చింది: అయితే ముందే ఎందుకు అంచనా వేసుకోలేదు? దానికీ జవాబు రాశారు. ఈసారి పెద్ద సారు మార్జిన్‌లో పచ్చ ఇంకుతో "ప్లీజ్ డిస్కస్" అని రాశారు. డిస్కస్ చేద్దామంటే ఆయన ఢిల్లీ టూరులో ఉన్నారు.

ఈలోగా ప్లాంటు ఆగలేదు. పక్కన స్టాండ్‌బై పంపు ఉంటే దాని బేరింగు ఊడదీసి దీనికి వేశారు. అంటే కాగితం మీద రెండు పంపులు, నిజానికి ఒకటి. కాంట్రాక్టు ఫిట్టరు రోజూ వచ్చి "ఏటి సార్, బేరింగు వచ్చిందా?" అని అడిగేవాడు. కొన్నాళ్లకు అడగడం మానేశాడు. ఇంజనీరుకు మెమో వచ్చింది, స్టాండ్‌బై పంపు ఎందుకు పనిచేయడం లేదని.

ఇందులో విలన్ ఎవరు? ఫైనాన్స్ ఆఫీసరా? ఆయన స్థానంలో మీరుంటే మీరూ అదే అడుగుతారు. ఆయనకు తెలిసిన లోకంలో ఆడిట్ పేరా (ఆడిటర్లు రాసే అభ్యంతరం) అనేది కొన్న ఐదేళ్ల తర్వాత కూడా రావచ్చు. అప్పటికి బేరింగు ఎంత అర్జెంటో ఎవరికీ గుర్తుండదు, ఫైల్లో రాసినదే మిగులుతుంది. సొంత ఆడిట్, కాగ్ ఆడిట్, వాటి పైన విజిలెన్స్. వీటన్నిటి వెనకాల ఒక చట్టం కూడా ఉండేది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టంలో ఒక నిబంధన ప్రకారం, ప్రజాప్రయోజనం లేకుండా ఎవరికైనా ఆర్థిక లాభం కలిగించాడంటే చాలు, ప్రభుత్వోద్యోగి మీద కేసు పెట్టొచ్చు. లంచం తిన్నాడని రుజువు చేయాల్సిన పని లేదు. ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులూ ఈ చట్టం కిందికే వస్తారు. 2018లో పార్లమెంటు ఆ నిబంధన తీసేసింది. చట్టం మారింది గానీ, దాని కింద ముప్పై ఏళ్లు నడిచిన చేతులు అంత త్వరగా మారవు. ఇప్పటి జీఎంలు, సీజీఎంలు చాలామంది ఆ భయంలోనే పని నేర్చుకున్నవాళ్లు. వాళ్ల దగ్గర పని నేర్చుకుంటున్నవాళ్లు ఇప్పటి కుర్రాళ్లు.

2016లో ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ బజారు జెమ్ పోర్టల్ వచ్చాక కొనుగోళ్లు కాస్త వేగం పుంజుకున్నాయి, పారదర్శకత పెరిగింది. ఆ మాట ఒప్పుకోవాలి. అయితే పోర్టల్ వేగం పోర్టల్‌లోకి ఎక్కిన తర్వాతే. ఎక్కించాలా వద్దా అనే ఫైలు పాత దారిలోనే తిరుగుతుంది. తక్కువ ధర కోట్ చేసినవాడికే ఆర్డరు, అంటే ఎల్-1 పద్ధతి అలాగే ఉంది. మంచి సరుకుకు పది రూపాయలు ఎక్కువ పెట్టానంటే సంజాయిషీ రాయాలి. నాసిరకం సరుకు తక్కువకు కొని రెండు నెలలకే పాడైతే అది మెయింటెనెన్స్ ఖర్చు, ఎవరి ఖాతాలోకీ రాదు.

ఇంజనీర్ల గేట్ పరీక్ష రాసి, మంచి ర్యాంకుతో వచ్చిన పిల్లాడి కోణంలో చూడండి. ఏడాది ట్రైనింగులో బ్లాస్ట్ ఫర్నేసులు చూపిస్తారు, మెటలర్జీ చెబుతారు. పోస్టింగ్ వచ్చాక అతను రోజులో ఎక్కువ భాగం చేసేది నోట్ రాయడం. "అనుమతి కోరడమైనది" అని ఎన్ని రకాలుగా రాయొచ్చో నేర్చుకుంటాడు. నోట్ బాగా రాసేవాడికి పేరొస్తుంది. పేరొచ్చినందుకు ఇంకో నాలుగు నోట్లు నెత్తిన పడతాయి. పంపు గురించి తెలిసినవాడు పంపుకు దూరమవడం ఇలాగే మొదలవుతుంది.

రెండో పెద్ద చిక్కు ప్రమోషన్లు, ఏటా పనితీరుకు వేసే మార్కులు. సీనియారిటీని తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్. అది ఎందుకొచ్చిందో మాత్రం ఎవరూ చెప్పరు. మెరిట్ చూసి ఇస్తామని ఎవరైనా అంటే మన దగ్గర వెంటనే వచ్చే అనుమానం ఏమిటో అందరికీ తెలుసు: ఎవరి మనిషి? ఏ ఊరు? ఎవరి రికమండేషన్? సీనియారిటీ ఆ అనుమానానికి మందు. తేదీ అబద్ధం చెప్పదు. ఆ మందు వాడి వాడి, బాగా చేసినా చేయకపోయినా తేడా లేదనే కొత్త రోగం వచ్చింది.

దాన్ని బాగుచేద్దామని 2008 నవంబరులో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల అధికారుల జీతాల ఉత్తర్వుల్లో బెల్ కర్వ్ తెచ్చారు. పది నుంచి పదిహేను శాతానికి మించి ఎక్సలెంట్ ఇవ్వకూడదు. కింద పది శాతం మందిని బిలో పార్ అని తేల్చాలి, వాళ్లకు పనితీరు బోనస్ రాదు. 2017లో ఆ కింది పది శాతం బలవంతం తీసేశారు, పైన పదిహేను శాతం పరిమితి ఉంచారు. లెక్క వేసి చూడండి. ఒక డిపార్ట్‌మెంటులో ఒకే గ్రేడు వాళ్లు పదిమంది ఉంటే పదిహేను శాతం అంటే ఒకటిన్నర మనిషి. అందరూ బాగా చేసిన ఏడాదీ ఒకటిన్నరే, ఎవరూ చేయని ఏడాదీ ఒకటిన్నరే. అప్పుడేమవుతుంది? ఈ ఏడాది ప్రమోషన్ డ్యూ ఉన్నవాడికి ఎక్సలెంట్ ఇద్దాం, వచ్చే ఏడాది నీకు చూద్దాం అని బాస్ మంచి మనసుతోనే చెబుతాడు. నీకు చూసే ఏడాదికి బాసు మారిపోతాడు. కొత్త బాసుకు ఆ మాట తెలియదు.

పైగా మార్కులు ఒకరు వేసేవి కావు. రిపోర్టింగ్ ఆఫీసర్ వేస్తాడు, రివ్యూయింగ్ ఆఫీసర్ చూస్తాడు, ఆ పైన కమిటీ సర్దుతుంది. ఉద్యోగి వెళ్లి అడిగితే మొదటివాడు "నేను ఇచ్చానయ్యా, పైన తగ్గించారు" అంటాడు. పైవాడిని అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. మళ్లీ అదే సంగతి: తగ్గించిన చెయ్యి ఎవరిదో కనపడదు, కాబట్టి ఎవరూ జవాబు చెప్పుకోనక్కర్లేదు.

ఈ విషయంలో ఉద్యోగి చేతిలో ఒక ఆయుధం ఉంది, వాడేవాళ్లు తక్కువ. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు, ఏటా రాసే పనితీరు రిపోర్టులోని ప్రతి ఎంట్రీనీ ఉద్యోగికి తెలపాలని చెప్పింది. చెడ్డగా రాసినవే కాదు, బాగుందని రాసినవి కూడా. ఆ కేసులో అధికారికి వచ్చింది "గుడ్", ప్రమోషన్‌కు కావాల్సింది "వెరీ గుడ్". గుడ్ అనే మంచి మాటే అతని ప్రమోషన్‌ను ఆపింది, ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. మరుసటి ఏడాది కేంద్రం తన ఉద్యోగులకు రిపోర్టు మొత్తం చూపించి, అభ్యంతరం ఉంటే పదిహేను రోజుల్లో రాసుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. ఇప్పుడు చాలా సంస్థల్లో మార్కులు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. అభ్యంతరం రాసేవాళ్లు ఎందుకు తక్కువంటే, వచ్చే ఏడాది మార్కులు వేసేదీ ఆయనే. ఇంకో తమాషా కూడా జరిగింది. ఉద్యోగి చదువుతాడని తెలిశాక పైవాళ్లు నిజం రాయడం తగ్గించేశారు. ఎవరి రిపోర్టు చూసినా "సిన్సియర్, హార్డ్‌వర్కింగ్".

మార్కులు వచ్చినా బోనస్ వస్తుందన్న నమ్మకం లేదు. పనితీరు బోనస్ కంపెనీ లాభంలోంచే ఇవ్వాలి, లాభం లేకపోతే సున్నా. విశాఖ ఉక్కు సంగతే చూడండి. సొంత ఇనుప గనులు లేవు, ఖనిజం బయట కొనుక్కోవాలి. ఉక్కు ధర పడిపోయి, ఖనిజం ధర పెరిగిన ఏడాది ఉక్కు తయారయ్యే కన్వర్టర్ దగ్గర నిలబడ్డవాడు ప్రాణం పెట్టి పనిచేసినా బ్యాలెన్స్ షీటు ఎర్రగానే ఉంటుంది. 2017 జనవరి 1 నుంచి రావాల్సిన వేతన సవరణ అక్కడ ఏళ్ల తరబడి పెండింగ్‌లో పడిపోయింది. 2021 జనవరిలో వంద శాతం వాటాల అమ్మకానికి సూత్రప్రాయంగా ఆమోదం, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ. ఈ రెండింటి మధ్య నాలుగేళ్లు అక్కడి ఉద్యోగి తన కంపెనీ ఉంటుందో ఊడుతుందో తెలియక గడిపాడు. అలాంటివాడికి మోటివేషన్ క్లాసు పెట్టడం కంటే చిరాకు పుట్టించే పని ఇంకొకటి లేదు.

సాయంత్రాల గురించి ఒక్క ముక్క. చాలా ఆఫీసుల్లో పని గంటలు ఎప్పుడు ముగుస్తాయో గడియారం చెప్పదు, పెద్ద సారు డ్రైవరు చెబుతాడు. అతను పోర్టికోలోకి కారు తెచ్చి పెట్టాడంటే కారిడార్ అంతా కదలిక వస్తుంది, కంప్యూటర్లు ఒక్కొక్కటీ ఆగుతాయి. అప్పటిదాకా పని ఉన్నా లేకపోయినా కూర్చోవాలి. ముందే లేస్తే ఎవరూ ఏమీ అనరు. మార్చిలో మార్కులు వేసేటప్పుడు "కమిట్‌మెంట్" దగ్గర గుర్తొస్తుంది. పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకోవాల్సిన ఆడవాళ్లకు దీని దెబ్బ ఎక్కువ. ఇంటికెళ్లాక వాట్సాప్ గ్రూపు ఉండనే ఉంది.

ఇవన్నీ రెగ్యులర్ ఉద్యోగుల బాధలు. ఆ ఫిట్టరు దగ్గరికి రండి. పంపు మోత విని ఏ బేరింగో చెప్పగలిగినవాడు అతనే. లాగ్ బుక్‌లో అతని పేరుండదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా అతని గేటు పాసు మీద యజమాని పేరు మారుతుంది, పంపు మారదు. కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లో వచ్చింది. రెగ్యులర్ కార్మికుడు చేసే పనే చేస్తే అదే వేతనం ఇవ్వాలని దాని కింద నిబంధనల్లోనే రాశారు. "అదే పని" అని నిరూపించడం ఎవరి వల్లవుతుంది? 1996లో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు పద్ధతిని నిషేధించిన చోట కార్మికులు వాళ్లంతట వాళ్లే కంపెనీ ఉద్యోగులైపోతారని చెప్పింది. 2001లో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కేసులో ఐదుగురు జడ్జీల బెంచి ఆ తీర్పును కొట్టేసింది. కాంట్రాక్టు పేరుకే అని తేలితే తప్ప, నిషేధించినంత మాత్రాన పర్మనెంట్ కారు అంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో ముఖ్యమైన పనులకు కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టకూడదనే ఉంది, వెంటనే మినహాయింపులూ ఉన్నాయి. మినహాయింపుల్లో ఏది పడుతుంది, ఏది పట్టదు అన్నదాని మీద ఇక కోర్టుల చుట్టూ తిరగాలి.

ఎనభైల్లో చేరిన తరం దాదాపు మొత్తం రిటైరైపోయింది. వాళ్ల తర్వాత మధ్యలో భర్తీలు పల్చగా జరిగాయి కాబట్టి, పని తెలిసినవాళ్లలో పెద్ద భాగం ఇప్పుడు కాంట్రాక్టు వాళ్లే. కుర్ర ఇంజనీరు పని నేర్చుకునేది వాళ్ల దగ్గరే. నేర్పినవాడు సాయంత్రం వేరే గేటులోంచి వెళ్తాడు. యూనియన్లు ఉన్నాయి కదా అంటారా? జీతం, క్వార్టరు, బదిలీ, క్యాంటీను, ప్రమాదంలో పోయినవాడి ఇంట్లోవాళ్లకు ఉద్యోగం, వీటి మీద అవి గట్టిగానే కొట్లాడతాయి. ఉక్కు ప్రైవేటీకరణ మీద ఏళ్ల తరబడి శిబిరం నడిపినవీ అవే. కానీ "మా సారు నా మాట వినరు" అనేది ఏ డిమాండ్ల పత్రంలోనూ ఇమడదు.

అంత కష్టమైతే మానేయొచ్చుగా అని అడిగేవాళ్లకు లెక్క తెలియదు. క్వార్టరు, తల్లిదండ్రులతో సహా కంపెనీ ఆసుపత్రిలో వైద్యం, చీకటి పడ్డాక కూడా పిల్లలు సైకిలు తొక్కుకునే టౌన్‌షిప్పు. వీటిని రూపాయల్లోకి మార్చి చూస్తే మధురవాడ కొండ మీది ఐటీ కంపెనీ ఆఫరు అంత పెద్దగా కనిపించదు. సంబంధాలు చూసేటప్పుడు "పర్మనెంటు ఉద్యోగమండీ" అన్న మాటకు విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇప్పటికీ ఉన్న విలువ వేరు. దానికితోడు బాండు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. వేరే ప్రభుత్వ సంస్థకు దరఖాస్తు పెట్టాలన్నా త్రూ ప్రాపర్ ఛానల్, అంటే ఇప్పుడున్న కంపెనీ ద్వారానే వెళ్లాలి, ఎన్‌ఓసి (అభ్యంతరం లేదనే పత్రం) అడగాలి. అడిగిన రోజు నుంచీ నువ్వు వెళ్లిపోయేవాడివే, మంచి పని నీకివ్వరు. పదేళ్ల సర్వీసు దాటాక బయట ఇంటర్వ్యూల్లో "మీరు స్వయంగా ఏం నిర్ణయించారు?" అని అడుగుతారు. నోట్లు రాశానని చెప్పలేరు.

మరి దారి ఏమిటి? టౌన్‌హాల్ మీటింగులు, సజెషన్ బాక్సులు, యోగా సెషన్లు నేను చాలా చూశాను. వాటితో ఎవరికీ నష్టం లేదు, అంతకు మించి చెప్పడానికీ ఏమీ లేదు. పనిచేసినట్టు నేను చూసింది ఒక్కటే. మా దగ్గర ఒక సీనియర్ మేనేజర్ ప్రతి నోట్ చివర ఒక పేరా చేర్చడం మొదలుపెట్టాడు: ఈ వస్తువు రాకపోతే రోజుకు ఎంత ఉత్పత్తి పోతుంది, స్టాండ్‌బై లేకుండా ఎన్నాళ్లు నడుస్తున్నాం, దానివల్ల వచ్చే ప్రమాదం ఏమిటి. గొంతు పెంచలేదు, ఎవర్నీ తప్పుపట్టలేదు. కానీ ఆ పేరా చదివి ఫైలు పక్కన పెట్టినవాడు ఇప్పుడు ఆలస్యానికి సంతకం పెట్టినట్టే. రేపు పంపు ఆగితే విచారణలో ఆ తేదీ కనపడుతుంది. ఫైళ్లు కదలడం మొదలయ్యాయి.

తర్వాత అందరూ ఆ పేరా కాపీ కొట్టారు. టాయిలెట్ క్లీనింగ్ కాంట్రాక్టు నోట్‌లో కూడా ఉత్పత్తి నష్టం లెక్క కనపడేసరికి ఫైనాన్స్ వాళ్లకు ఒళ్లు మండింది, ఈ లెక్కకు ఆధారం ఏమిటని రాశారు. న్యాయమైన ప్రశ్నే. ఆధారం చూపాలంటే ఏ పంపు ఏ రోజు ఎన్ని గంటలు ఆగిందో, దేని కోసం ఆగిందో నిజంగా రాసిపెట్టాలి. అంతవరకు అలా రాసే అలవాటు లేదు, ఆగిందని రాస్తే మెమో వస్తుందని. ఆ సీనియర్ తన వర్క్‌షాపులో రాయించడం మొదలుపెట్టాడు. ఏడాది తిరిగాక ఆ రిజిస్టరు ముందు పెట్టి, చిన్న విడిభాగాలు వర్క్‌షాపు స్థాయిలోనే కొనుక్కునే పరిమితి పెంచమని అడిగారు. పెంచారు. ఇప్పుడది బేరింగుకు సరిపోతుంది. దాన్ని బిగించే హౌసింగు పోతే మాత్రం ఇండెంటు పెట్టాల్సిందే.